తాత తుపాకి ఫొటో, దాని వెనకాల బీడు

పోయిన నవంబరులో మిషిగన్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు కొన్ని ఫొటోలు పంపించినాడు. కోసేసిన మొక్కజొన్న చేలు, ఆకు రాలిన చెట్లు, పొద్దుటి మంచు, దూరంగా నారింజరంగు చొక్కాలు వేసుకున్న ఇద్దరు మనుషులు. అక్కడ నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకితో జింకల వేటకు అనుమతి. వేటకు పోయేవాళ్ళు ఆ రంగు వేసుకోవాలని చట్టమే ఉంది. మావాడు వేటకు పోడు, తుపాకి పట్టి ఎరగడు. అయినా కెమెరా పట్టుకుని ఆ పొలాల వెంట తిరగాలంటే తనకూ ఆ చొక్కా తప్పదంట. చివర్లో ఒక ప్రశ్న రాసినాడు: "పెద్దనాయనా, మనవైపు కూడా ఇట్లాంటి సీజను ఉండేదా? తాత తుపాకి ఫొటో ఒకటుందని నాయన చెప్తాడు. అది ఇక్కడ ఎందుకు పెట్టలేదు?"

ఈ ప్రశ్న మీద ఇంట్లో నెల రోజులు వాదించుకున్నాం. ఒకరు పెట్టాలన్నారు, ఒకరు వద్దన్నారు, ఒకరు తుపాకి మటుకు కత్తిరించి తాత ముఖం వరకూ పెడదామన్నారు. చివరికి పెట్టాలనే తేల్చినాం. మొత్తం ఫొటో, కత్తిరింపు లేకుండా. ఎందుకు పెడుతున్నామో, దానితో పాటు ఇంకే ఫొటోలు తీయాలనుకుంటున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు ఆ ఫొటో సంగతి. నాలుగు వేళ్ళ వెడల్పు, అంచు పళ్ళ మాదిరి కత్తిరించిన నలుపు తెలుపు కాగితం. వెనకాల పెన్సిలుతో 'కనుమ, 1958' అని ఉంది. తాత మోకాలి దాకా మేజోళ్ళు వేసుకుని, తుపాకి నిలువుగా పట్టుకుని నిలబడి ఉంటాడు. కాళ్ళ దగ్గర మగ కృష్ణజింక. పైన నలుపు, పొట్ట తెలుపు, మెలి తిరిగిన రెండు కొమ్ములు. పాత తెలుగులో దీన్నే ఇర్రి అన్నారు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి గానీ దీని కొమ్ములు రాలవు, చచ్చేదాకా పెరిగినవి పెరిగినట్టే ఉంటాయి. అందుకే గోడకు తగిలించుకునేవాళ్ళకు దీని మీద అంత మోజు. తుపాకి తాతది కాదు. మా శ్రీనివాసపురం నుంచి చింతపండు, మామిడికాయలు గని ఊరికి తోలేవాడు కాబట్టి అక్కడ లైసెన్సు ఉన్న స్నేహితులు ఉండేవాళ్ళు. వాళ్ళతో ఆ ఒక్కసారి పోయినాడంట. కాల్చింది ఎవరో కూడా ఖచ్చితంగా తెలీదు. ఫొటోకి మటుకు తుపాకి తాత చేతికి వచ్చింది.

మాంసం పంచుకున్నారు. తోలు పురోహితుల ఇంటికి పోయింది, ఉపనయనాల్లో కృష్ణాజినం ముక్క కావాలి కదా. కొమ్ములు మా నడింట్లో గడియారం కింద నలభై అయిదేళ్ళు ఉన్నాయి. అవ్వ వాటి మీద టవలు ఆరేసేది. అవ్వ ఆ కూర తిన్నదా అని అడిగితే ఒక్క మాటే చెప్పేది: "దాని కండ్లు చూసినాక ఎట్ల తినేది?" తాత తిన్నాడు, బాగుందన్నాడు. ఈ రెండూ మా ఇంటి చరిత్రే.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాం. మీ ఇండ్లల్లో కూడా పాత కొమ్ములు, తోళ్ళు ఉండొచ్చు. 2003లో కేంద్రం 180 రోజుల గడువిచ్చి అట్లాంటివి ప్రకటించుకోమంది. నాయన అప్పుడే మా జత అప్పజెప్పేసినాడు. అమ్మడం చట్టరీత్యా నేరం, తాత జ్ఞాపకమని పెట్టెలో వేసుకుని విదేశానికి తీసుకుపోవడం ఇంకా పెద్ద తప్పు. ఫొటో పట్టుకుపోండి, చాలు.

తాత అట్లా నిలబడటం ఎక్కడ నేర్చుకున్నాడు? పల్లెలో చింతపండు బేరం చేసే మనిషి, మేజోళ్ళు అరువు తెచ్చుకుని, గడ్డం పైకెత్తి, చచ్చిన జంతువు మీద ఒక కాలు ఆనించి నిలబడాలని ఎవరు చెప్పినారు? ఫొటోలే చెప్పినాయి. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా లాలా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాలు చూడండి. వరంగల్లు దగ్గర నెక్కొండలో 1902లో వైస్రాయి కర్జన్, ఆయన భార్య చచ్చిన పులి వెనకాల నిలబడిన చిత్రం చాలామంది చూసే ఉంటారు. ఆ నిలబడే తీరు దొర నుంచి జమీందారుకి, జమీందారు నుంచి కంట్రాక్టరుకి, అక్కణ్ణించి మా తాతకి వచ్చింది. ఆ చిత్రాల్లో అడవి ఉండదు. డేరా, తివాచీ, తుపాకులు, జంతువు. అడవి వెనక తెర అంతే.

మావాడి మొదటి ప్రశ్నకి జవాబు, సీజను ఉండేది. మైసూరు సంస్థానం 1901లోనే వేటకు, చేపలు పట్టడానికి సంబంధించి ఒక చట్టం తెచ్చింది. లైసెన్సులు, వేటాడకూడని నెలలు, అన్నీ కాగితం మీద ఉండేవి. కాగితం లేని పల్లెల్లో లెక్క వేరు. రాగి కోతలు అయిపోయి, చేలు ఖాళీ అయిపోయి, పనులు తగ్గినాక వేట. సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఉగాది మర్నాడు ఇంటింటా మాంసం వండుకునే రోజు, దాన్ని మా కన్నడ చుట్టుపక్కలవాళ్ళు హొసతొడకు అంటారు. ఆ రోజుకు కుందేలో, కౌజో, ఏదో ఒకటి పట్టుకొస్తే ఏడాదంతా బాగుంటుందని కుర్రోళ్ళు కుక్కల్ని వేసుకుని బయల్దేరేవాళ్ళు. దొర వేటకు అనుమతి కాగితం ఉంది కాబట్టి దాన్ని క్రీడ అన్నారు, వీళ్ళ వేటను దొంగతనం అన్నారు. జింకకు రెండూ ఒకటే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. కొన్ని జంతువులకు లైసెన్సు వేట మిగిలి ఉండింది, 1991 సవరణతో అదీ పోయింది. కాబట్టి తాత ఫొటో నేరం ఫొటో కాదు, అప్పటికి. అదే ఫొటో ఈనాడు ఎవరైనా దిగితే వాళ్ళ ఫోనే వాళ్ళకు సాక్ష్యం అవుతుంది. 1998లో రాజస్థాన్‌లో ఒక సినిమా నటుడి చుట్టూ నడిచిన కృష్ణజింకల కేసు దేశానికంతా తెలుసు. అక్కడ బిష్ణోయిలు పట్టుబట్టి నిలబడకపోతే అది ఇరవై ఏళ్ళు నడిచేదా?

సరే, చట్టం ఉంది, వేట ఆగింది అనుకుంటాం. కానీ ఈ కాలంలో మా వైపు గుట్టల వెంట నడిస్తే ఇంకా ఉచ్చులు దొరుకుతాయి. బైకు క్లచ్ తీగతో చేసిన ఉచ్చు, కంచె సందులో, నేలకు జానెడు ఎత్తున. అడవిపందికి పెట్టినదే కావచ్చు, దుప్పి తల దూరినా బిగుసుకుంటుంది. మాకు దొరికిన ఒకదానికి ముందు ఫొటో తీసినాం, తర్వాత అటవీ సిబ్బందికి చెప్పినాం. ముందు ఎందుకు తీసినాం? సాక్ష్యం కోసమని చెప్పుకున్నాం గానీ, నిజానికి పొద్దుటి వెల్తురులో ఆ తీగ మీద మంచు బొట్లు అందంగా కనబడ్డాయి. ఆ సంగతి ఒప్పుకోవాలి. కెమెరా చేతిలో ఉంటే మనిషికి మొదట తట్టేది అందమే.

అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. కోలారు జిల్లాలో కృష్ణజింకలు ఇంకా ఉన్నాయి. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ గనుల చుట్టుపక్కల, బంగారపేట వైపు ఉన్న మైదానాల్లో మందలు మేస్తాయి. ఒక పక్క సయనైడు దిబ్బలు, ఇంకో పక్క జింకలు, చూడాల్సిన దృశ్యమే. బెంగళూరు నుంచి రెండు గంటల ప్రయాణం. దాంతో శని, ఆదివారాల్లో కెమెరాల బండ్లు వస్తాయి. రెండేళ్ళ కింద మేము చూసినాం. ఒక జీపు మందకు అడ్డంగా పోయింది. ఎందుకంటే కృష్ణజింక నిలబడి ఉంటే ఫొటోకి బలం ఉండదంట, గాల్లోకి ఎగరాలంట. నాలుగు కాళ్ళు నేల మీద లేని క్షణం కావాలి. అది గంటకు 80 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదని అందరికీ తెలుసు, దాన్ని పరిగెత్తించి చూడాలనే సరదా కూడా అందరికీ ఉంది. బాగా తరిమిన జంతువు కండరాలు దెబ్బతిని, ఆ బండ్లు ఇండ్లకు చేరినాక కొన్ని గంటలకు చచ్చిపోవచ్చు. గడ్డిలో దాచిపెట్టిన పిల్ల తల్లి నుంచి తప్పిపోవచ్చు. ఆ చావు ఏ ఫొటోలోనూ పడదు.

వాళ్ళను అడ్డుకుని మాట్లాడితే, "మేము వేటగాళ్ళం కాదు సార్, ప్రకృతి ప్రేమికులం" అన్నారు. ఇక్కడ చట్టం మాట వినండి. 1972 చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో చంపడం ఒక్కటే లేదు. వలలో పట్టడం, ఉచ్చు వేయడం, ఎర చూపడం, తరమడం, వాటికి చేసే ప్రయత్నం, అన్నీ వేటే. అంటే ఆ జీపు చేసింది చట్టం భాషలో వేట. తాత చేతిలో తుపాకి ఉండింది, వీళ్ళ చేతిలో పొడుగాటి లెన్సు. నిలబడే తీరు కూడా అదే. అయిపోయినాక కెమెరా వెనక తెర మీద చూసుకుని ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు.

అందరూ అట్లా కాదులెండి. 1920లలోనే ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి, ఉత్తరాన శివాలిక్ అడవుల్లో, రాత్రిపూట జంతువు కాలికి తీగ తగిలితే కెమెరా తనంతట తనే పనిచేసేలా అమర్చి పులుల్ని ఫొటోలు తీసినాడు, తుపాకి అక్కర్లేదని వాదించినాడు. మద్రాసులో ఎం. కృష్ణన్, బెంగళూరులో టి. ఎన్. ఎ. పెరుమాళ్ ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుని తీసినవాళ్ళు. జంతువు దానంతట అది వచ్చేదాకా ఆగినారు. రాకపోతే ఇంటికి పోయినారు. రాకపోతే ఇంటికి పోవడం అనేది ఈ పనిలో సగం విద్య.

కానీ మా అభిప్రాయం ఇంకొంచెం దూరం పోతుంది. జింక ఫొటో మన కుటుంబాలకు అంత ముఖ్యం కాదు. జింక ఎక్కడిదైనా జింకే. ఎవరో బాగా తీసింది ఎప్పుడో తీసే ఉంటారు. మన చేతుల్లో మటుకే ఉన్న ఫొటో వేరే ఉంది.

మళ్ళీ తాత ఫొటో చూడండి. ఈసారి తాతను, తుపాకిని, జింకను పక్కన పెట్టి వెనకాల చూడండి. మేము పెద్దది చేసి చూసేదాకా మాకూ తెలీలేదు. తాత మోకాళ్ళ ఎత్తున గడ్డి, దూరంగా ఒక గుట్ట దాకా అట్లానే పోతుంది. ఎడం పక్క చెరువు కట్ట, మరవ దగ్గర రెండు తాటిచెట్లు. కుడి పక్క ఏనుగు కూర్చున్నట్టు ఒక పెద్ద గుండు, దాని మీద ఇంకో చిన్న గుండు. కంచె లేదు, కరెంటు స్తంభం లేదు, ఒక్క నీలగిరి చెట్టు లేదు. అది ఊరుమ్మడి మేతబీడు. ఇక్కడ గోమాళం అంటారు. ఫొటో తీసినాయన దాన్ని తీయాలనుకోలేదు. వెనకాల ఉంది కాబట్టి పడింది. ఈ రోజు మా దగ్గర ఉన్న కాగితాలన్నిట్లో ఆ బీడుకు అదొక్కటే గుర్తు.

కర్ణాటక భూమి నిబంధనల ప్రకారం ఊర్లో ప్రతి 100 పశువులకు 12 హెక్టార్ల మేత భూమి ఉంచాలి. పశువులు తగ్గితే గోమాళం ఎక్కువైందని లెక్క తేలుతుంది, ఎక్కువైంది పంచుతారు. కొంత పేదలకు పోయింది, అది న్యాయమే. కొంత ఎటు పోయిందో అడిగేవాడు లేడు. తర్వాత నీలగిరి తోటలు వచ్చినాయి. 2017లో ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటకూడదని ఆపేదాకా కోలారు జిల్లాలో ఎటు చూసినా అవే. గడ్డి పోయింది. గడ్డి పోయినాక కృష్ణజింక ఎక్కడ మేస్తుంది? మన చేలల్లో. అప్పుడు రైతుకీ దానికీ పడదు. కృష్ణా నది పక్కన మాగనూరు వైపు తెలంగాణ రైతులు జింకల మందలతో పడే బాధ పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మొలకెత్తిన పైరు రాత్రికి రాత్రి మేసిపోతే ఆ రైతుకు కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అని చెప్పి ఏం లాభం? ఫొటోగ్రాఫరు ముచ్చటపడే మంద ఆ రైతుకు అప్పు. బెంగళూరు నుంచో, డెట్రాయిట్ నుంచో ఆ మందను మెచ్చుకోవడం తేలిక. మాకూ తేలికే, మాకు మామిడి తోపు ఉంది, దానికి జింకల బాధ లేదు.

జింక పోయింది తుపాకి వల్ల అని మావాడు అనుకుంటున్నాడు. కొంత నిజం. 1958 తర్వాత మా ఇంట్లో ఎవరూ తుపాకి పట్టలేదు, అయినా ఆ బీట్లో జింక లేదు. ఎందుకంటే ఆ బీడే లేదు.

అందుకని మేము అడిగేది ఇది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా, అంటే పాత వేటకాలంలో, మన పల్లెల నేలను ఫొటో తీయండి. ఈ కాలమే ఎందుకంటే అప్పుడు నేల దాపరికం లేకుండా కనబడుతుంది. వానాకాలంలో ప్రతి ఊరూ పచ్చగా, అందంగానే ఉంటుంది, ఎవరి ఫొటో చూసినా ఒకటే. జనవరిలో కోతలు అయిపోయి ఉంటాయి. ఏది చేను, ఏది బీడు, చెరువు ఎంత దాకా పూడింది, కాలవ ఎక్కడ తెగింది, గుట్టను ఏ పక్క నుంచి క్రషరు తింటోంది, అన్నీ బయటపడతాయి. పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి ఉదయం ఎనిమిది దాకా నీడలు పొడుగ్గా పడతాయి, చిన్న గట్టు కూడా గీత గీసినట్టు కనబడుతుంది. వేటగాళ్ళు ఆ కాలాన్ని ఎంచుకున్నదీ అందుకే. దూరం దాకా చూపు ఆనుతుంది, దాక్కోవడానికి పైరు ఉండదు.

ఏమేం ఉంటాయో చెప్తాం, ఊరు వదిలి చాలా ఏళ్ళైన వాళ్ళకు గుర్తుకు రావాలని. రాగి కంకుల్ని తారు రోడ్డు మీద పరిచి, పోయే లారీలతో తొక్కించుకునే ఆడవాళ్ళు. కళ్ళాలు చాలా ఊర్లల్లో పోయినాయి, రోడ్డే కళ్ళం. మామిడి పూత. జనవరి, ఫిబ్రవరిలో శ్రీనివాసపురం నుంచి రాయల్పాడు వైపు పోతే తోపుల మీద లేత ఎరుపు, పసుపు కలిసిన రంగు, ముక్కుకు తీపి వాసన, దాన్ని మించి మందు వాసన. తేనెమంచు పురుగుకు కొట్టే మందు పొగ మాదిరి లేచి ఎండలో మెరుస్తుంది. ఫొటోలో చాలా అందంగా వస్తుంది, ఊపిరికి మంచిది కాదు. టమోటా చేలల్లో పీకేసిన కట్టెల కట్టలు. వెయ్యి అడుగులు దాటి నీళ్ళు పడని బోరు, దాని చుట్టూ బూడిదరంగు రాతిపొడి గుట్ట. 2021 నవంబరు వానలకు ఎన్నో ఏళ్ళ తర్వాత మరవ పోయిన చెరువులు, వాటి నిండా తుమ్మచెట్లు. ఫిబ్రవరి చివర గుట్టల మీద మోదుగ పూత. మార్చిలో కానుగ చెట్టుకు వచ్చే లేతాకు, దాని మీద పడే వెల్తురు గురించి చెప్పడం మా వల్ల కాదు, చూడాల్సిందే.

వీటిల్లో ఏదీ ఎగిరే జింక అంత గొప్పగా ఉండదు. ఎవరూ మెచ్చుకోరు. మా పిల్లలే, "ఏంది పెద్దనాయనా, ఖాళీ చేను తీసినావు" అని నవ్వుతారు. నవ్వనీ. ఇంకో అరవై ఏళ్ళకు ఆ ఖాళీ చేను ఎక్కడుందని వాళ్ళ పిల్లలు అడిగితే చూపించడానికి ఒకటి ఉంటుంది.

చేసే పద్ధతి కూడా కష్టం కాదు. ఏటా ఒకే చోట నిలబడండి. మరవ రాయి, గుడి మెట్టు, గుండు, కదలనిది ఏదైనా సరే. ఒకే దిక్కుకు, ఒకే పండగ పొద్దున తీయండి. వెనకాల తేదీ, దిక్కు రాయండి. తాత పెన్సిలుతో ఆ రెండు మాటలు రాయకపోతే ఇవాళ ఈ సంగతంతా రాసేవాళ్ళమే కాదు. చేలోకి దిగే ముందు రైతుకు ఒక మాట చెప్పండి. డ్రోను ఎగరేస్తే గొర్రెలు బెదురుతాయి, కొంగలు గూళ్ళు వదులుతాయి. వద్దు. అభయారణ్యంలోకి ఫొటోల కోసం పోతే అనుమతి తీసుకోవాలి, అది చట్టంలోనే ఉంది.

జింక కనబడితే? చూడండి. దానంతట అది నిలబడితే ఒకటి తీసుకోండి. అది తలెత్తి మిమ్మల్నే చూస్తూ ఉంటే మీరు ఎక్కువ దగ్గరికి పోయినట్టు లెక్క, వెనక్కి రండి. ఊరి పేరు ఎక్కడా రాయొద్దు. ఫోనులో స్థలం గుర్తు తనంతట తానే ఫొటోలో చేరుతుంది, ముందు దాన్ని ఆపేయండి. ఉచ్చు పెట్టేవాడూ ఫోను చూస్తాడు. తాత ఫొటో తీసిన ఊరి పేరు మేము ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఆ పక్కనే ఇంకో చోట చిన్న మంద మిగిలి ఉంది.

ఈ తిరుగుడు మనవాళ్ళకు కొత్తేం కాదు. కనుమ రోజున మన దేవుళ్ళే వేటకు పోతారు కదా. తిరుమలలో మలయప్పస్వామి పారువేట మండపానికి పోతాడు, అక్కడ వేట లాంఛనంగా జరుగుతుంది, ఏ జంతువూ చావదు. కదిరి నరసింహస్వామికీ పారువేట ఉంది. అహోబిలంలో అయితే కనుమ నాడు బయల్దేరిన ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా ముప్పై దాటిన ఊర్లు తిరుగుతారు, చెంచులతో చుట్టరికం కలుపుకుంటూ. వేట అనేది పేరుకే. స్వామి చేసేది ఊరూరూ నడిచి చూడటం. ఎవరి పంట ఎట్లుంది, ఏ చెరువు నిండింది, ఎవరింట్లో కొత్త కోడలు వచ్చింది. మా నాయన దీన్ని ఒక్క మాటలో చెప్పేవాడు: "స్వామి అడంగలు రాసుకోవడానికి పోతాడురా."

మన కవులకూ వేట అంటే మోజే, కాదనలేం. ప్రబంధాల్లో కుక్కల పేర్లతో సహా వర్ణించినారు. కానీ నన్నయ భారతంలో పాండురాజు జింక మీద వేసిన బాణం ఎక్కడికి దారితీసిందో కూడా మనకు తెలుసు. రెండూ మన సాహిత్యమే, ఒకటి ఉంచి ఒకటి తీసేయలేం. తాత ఫొటో విషయంలోనూ అంతే అనుకున్నాం. తుపాకిని కత్తిరిస్తే తాత అబద్ధం అవుతాడు. కింద ఏమని రాయాలో మటుకు ఇంకా తేలలేదు. నాయన తమ్ముడు 'వేటలో తాత' అని చాలంటాడు. మేము 'తాత, అరువు తుపాకి, చచ్చిన కృష్ణజింక, వెనకాల ఊరుమ్మడి బీడు, కనుమ 1958' అని రాయాలంటున్నాం. పొడుగైందని గొడవ.

మొన్న దసరా సెలవుల్లో ఆ ఫొటో పట్టుకుని ఆ చోటు వెతకడానికి పోయినాం. రెండు పొద్దులు పట్టింది. తాటిచెట్లు లేవు. మరవ ఉంది, సిమెంటు పూసినారు. గడ్డి ఉన్న చోట సగం నీలగిరి మోళ్ళు, సగం ఇంటి స్థలాలకు పాతిన తెల్లరాళ్ళు, వాటికి నంబర్లు. మేకలు కాసుకునే పెద్దాయన ఒకాయన ఫొటో తీసుకుని చాలాసేపు చూసి, తాతను పట్టించుకోకుండా వేలు వెనకాల పెట్టి, "ఇది మా ఏనుగుగుండు" అన్నాడు. గుండు అక్కడే ఉంది. దాని మీది చిన్న గుండూ ఉంది. తాత నిలబడిన చోటు 41వ నంబరు రాయికి నాలుగు అడుగుల ఇవతల.

ఈ కనుమ పొద్దున ఏడింటికి అక్కడ ఉంటాం, అదే దిక్కుకు ఒకటి తీస్తాం. మిషిగన్ చిన్నోడు రాలేడు కాబట్టి వాడు వచ్చే నవంబరు 15న ఆ మొక్కజొన్న చేనును అదే చోటు నుంచి మళ్ళీ తీసి పంపాలి, నారింజ చొక్కా మరిచిపోకుండా. మిగతావాళ్ళు రావాలనుకుంటే ముందు రోజు రాత్రికే శ్రీనివాసపురం చేరండి. అనపకాయల కాలం, పితికిపప్పు, రాగి సంగటి ఉంటాయి.